నర్సు విద్యార్థినుల మనోభారము

ఓర్పు స్త్రీకి భూషణమని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ మాటను కాదనుట నా యుద్దేశము కాదు. కాని ఓర్పు వేఱు, నోరు మూసికొని లోలోన కుములుట వేఱు. ఈ భేదము తెలియక కష్టపడుచున్న మన యాడుబిడ్డలలో నర్సు విద్య నభ్యసించువారిని గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

విశాఖపట్టణమనగానే ఓడరేవును, ఉక్కు కర్మాగారమును మనకు జ్ఞప్తికి వచ్చును. 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రియు నా ప్రాంతమునకు అంతటి యాధారమే. శ్రీకాకుళము, విజయనగరము, మన్యప్రదేశములనుండియు, పొరుగుననున్న ఒడిశానుండియు రోగులు దానిని వెదకికొని వత్తురు. ఆ నగరమునందలి సర్కారు, ప్రైవేటు కళాశాలలలో ఎందఱో బాలికలు నర్సు విద్య నేర్చుకొనుచున్నారు. మనదేశమున ఈ విద్యకు బి.ఎస్సీ. చదువు 1946లో ఢిల్లీయందును, వేలూరునందును మొదలయ్యెను. నేడది నాలుగేండ్ల విశ్వవిద్యాలయపు చదువు.

ఈ చదువు తక్కిన చదువులవంటిది కాదు. పుస్తకముతోపాటు వార్డు డ్యూటీయు నుండును. పల్లెలో తెలుగున చదివి వచ్చిన పిల్ల శరీరశాస్త్రమును ఇంగ్లీషున చదువవలెను. మందు కొలత తప్పునేమో, రోగి బంధువులు కోపింతురేమో, పెద్ద సిస్టరు నలుగురిలో మందలించునేమో యను భయము వెన్నాడుచుండును. వీనియన్నిటికంటె బరువైనది మృత్యుదర్శనము. ఉదయము తాను దుప్పటి సరిచేసిన మంచము సాయంకాలమున కొక్కొకప్పుడు ఖాళీయై యుండును. పదునెనిమిదేండ్ల బాలికకిది చిన్న విషయమా?

2020 మే 7వ తేదీ వేకువను విశాఖ శివారున నొక కర్మాగారమునుండి విషవాయువు వెలువడినపుడు, వందలకొలది జనులను ఆసుపత్రులకు చేర్చిరి. అట్టి దినమున నర్సు చేయి వణకరాదు. మందుల పేర్లు వల్లించినంతమాత్రమున నా స్థైర్యము రాదు. తన మనస్సును తాను నిలుపుకొనుటయు విద్యలో భాగమే.

మనోభారమును తట్టుకొను మార్గములు రెండని లాజరస్, ఫోక్‌మన్ అను పండితులు 1984లో వెలువరించిన గ్రంథమున విశదీకరించిరి. కష్టకారణమును సరిదిద్దుకొనుట మొదటిది. సరిదిద్ద వీలులేనిచోట మనస్సును కుదుటపఱచుకొనుట రెండవది. ఇంజెక్షను చేయుటకు భయమైనచో బొమ్మపై పలుమార్లు అభ్యసించి, ఉపాధ్యాయిని యెదుట చేసి చూపి, భయమును పోగొట్టుకొనవచ్చును. కాని రోగి మరణించినచో అభ్యాసమేమి చేయును? అప్పుడు నమ్మిన స్నేహితురాలితోనో, అనుభవముగల సిస్టరుతోనో చెప్పుకొని కంటతడి పెట్టుట సిగ్గుచేటు కాదు. వేళకు తినుట, కంటినిండ నిద్రించుట, కొంచెము నడచుట కూడ మందులే. "నే నొక్కతెనే పిఱికిదానను, తక్కినవారందఱు ధైర్యవంతులు" అను భ్రమ మాత్రము మిక్కిలి చెఱుపుచేయును. తక్కినవారును అట్లే తలచి యూరకుందురు.

ఇక నింటివారి సంగతి. ఫోనులో తల్లి "అన్నము తింటివా? మార్కులెన్ని వచ్చినవి?" అని యడుగును. బిడ్డ "బాగున్నానమ్మా" యని ముగించును. ఆ "బాగున్నాను" వెనుక నేమున్నదో యెవరికి తెలియును? "నేడు నీ వార్డులో నెట్లుండెనమ్మా?" అని యడిగి, నడుమ నడ్డుపడక వినుడు. "చదువు మానివేయుదును" అని బిడ్డ యన్నచో, కట్టిన ఫీజు లెక్క వెంటనే చెప్పకుడు. ముందుగా కారణమడుగుడు. రెండు వారములు నిద్రపట్టకున్నను, అన్నము సహింపకున్నను, బ్రదుకుపై విరక్తి పలికినను జాగుచేయక వైద్యునికి చూపవలెను. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, రాత్రింబవళ్లు, రుసుములేక, తెలుగుననే మాటలాడవచ్చును.

మనము జ్వరపడినపుడు నుదుటిపై చేయివేసి ధైర్యము చెప్పునది నర్సు. ఆమె నుదుటిపై చేయివేయువారు ఇంటనైన నొకరుండవలెను గదా!