హైదరాబాద్‌లో టీవీ వచ్చినా అరసవల్లికి ఎందుకు అందలేదు?

ఇప్పటి పిల్లలు సెల్‌ఫోన్‌లోనే టీవీ చూసేస్తున్నారు. కానీ తెలుగువాళ్ల ఇళ్లన్నిటికీ టీవీ ఒకేసారి రాలేదు.

దేశంలో టీవీ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు సాగు, ఆరోగ్యం, చదువు కార్యక్రమాలు చూపించారు. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. ఊరందరికీ ఒకటే టీవీ. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది.

మరి శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి సంగతి? టవర్ నుంచి వచ్చే టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే సరిగ్గా అందవు. హైదరాబాద్ ఏమో వందల కిలోమీటర్ల దూరం!

1983లో పంపిన ఇన్సాట్-1బి దీనికి దారి చూపింది. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌ను చిన్న ట్రాన్స్‌మిటర్లు పట్టుకుని చుట్టుపక్కల ఇళ్లకు పంపేవి. 1984లో దేశమంతటా వీటిని చాలాచోట్ల పెట్టారు.

అయితే వాటిలో ఎక్కువగా వచ్చేవి ఢిల్లీ కార్యక్రమాలే, అదీ హిందీ, ఇంగ్లీషుల్లో. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు హిందీ సీరియళ్లు తేలిగ్గానే అర్థమయ్యేవి. తెలుగు ఒక్కటే వచ్చినవాళ్లు బొమ్మ చూసి కథ ఊహించుకోవాల్సిందే. 1995లో ఈటీవీ లాంటి తెలుగు శాటిలైట్ ఛానళ్లు వచ్చాకే, కేబుల్ ఉన్న ఇళ్లకు ఆ లోటు తీరింది. ఈటీవీ ఉర్దూ 2001లో మొదలైంది.