గాలిని దూరం పెట్టే కప్పు

1868 ఆగస్టు 18న మన తీరాంధ్ర మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. దాన్ని చూడటానికి పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు దాకా వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి చూశాడు. ఆ జ్వాలల వర్ణపటంలో కనిపించే ఒక పసుపు గీత సోడియానిది కాదని, అప్పటికి భూమ్మీద ఎవరికీ తెలియని మూలకానిదని తర్వాత తేలింది. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దాన్ని హీలియం అన్నారు. ఏడు దశాబ్దాలు గడిచాక అదే వాయువు అమెరికాలో ఒక వెల్డింగ్ టార్చి మూతిలోంచి వీచింది. మన వర్క్‌షాపుల్లో ‘ఆర్గాన్ వెల్డింగ్’ అని పిలుచుకునే టిగ్ వెల్డింగ్ కథ అక్కడ మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధపు రోజులు. కాలిఫోర్నియాలోని నార్త్రాప్ విమాన సంస్థ మెగ్నీషియంతో యుద్ధవిమానం కట్టాలనుకుంది. మెగ్నీషియం చాలా తేలిక, కానీ వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తెల్లగా భగ్గున మండుతుంది. మండే లోహాన్ని అతికేదెలా? అక్కడి ఇంజనీరు రసెల్ మెరెడిత్ 3,400 డిగ్రీల సెల్సియస్ దాకా కరగని టంగ్‌స్టన్ కడ్డీతో విద్యుత్ ఆర్కు పుట్టించి, దాని చుట్టూ హీలియం వదిలాడు. హీలియం దేనితోనూ కలవదు. గాలి తగలకపోవడంతో మెగ్నీషియం మండకుండా కరిగి అతుక్కుంది. ఈ పద్ధతికి 1942లో పేటెంటు వచ్చింది. హీలియంతో వేసే ఆర్కు కాబట్టి హీలిఆర్క్ అని పేరు పెట్టారు.

హీలియం ఖరీదైనది. పైగా గాలికన్నా చాలా తేలిక కనుక అతుకు మీద నిలవకుండా పైకి తేలిపోతుంది. ఆ చోటును ఆర్గాన్ ఆక్రమించింది. మనం పీల్చే గాలిలో దాదాపు వందో వంతు ఆర్గానే. గాలికన్నా బరువు కనుక అతుకు మీద దుప్పటిలా పరుచుకుంటుంది.

ఆ దుప్పటిని సరిగ్గా కప్పేది టార్చి చివరనుండే పింగాణీ కప్పు. వేలెడంత కూడా ఉండదు. దాని మీది అంకె మూతి వెడల్పును అంగుళంలో పదహారో వంతుల్లో చెబుతుంది. 5వ నంబరంటే సుమారు 8 మిల్లీమీటర్లు, 8వ నంబరంటే అరంగుళం, 12వ నంబరంటే ముప్పావు అంగుళం. ఇరుకు మూలల్లోకి చిన్న కప్పే దూరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకైతే వెడల్పు కప్పు మేలు, అతుకు చల్లారేదాకా ఎక్కువ మేర కాపాడుతుంది. కప్పు లోపల సన్నని జల్లెడలున్న గ్యాస్ లెన్స్ అమరిస్తే వాయువు సుడులు తిరగకుండా తిన్నగా జారుతుంది. అప్పుడు టంగ్‌స్టన్‌ను మరికాస్త బయటికి చాపుకోవచ్చు. ఎంత ఎక్కువ గ్యాస్ వదిలితే అంత మంచిదనుకోవడం పొరపాటు. మితి మీరితే వాయువు సుడులు తిరిగి బయటి గాలిని తానే లోపలికి లాక్కొస్తుంది.

అతకబోయే గొట్టం ఎంపికలోనూ, తయారీలోనూ ఇంతే శ్రద్ధ కావాలి. జీఐ పైపు మీది జింకు పూత ఆవిరై ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, అతుకులో బుడగలు మిగులుస్తుంది. నల్ల పైపు మీది పొట్టును మెరిసే దాకా అరగదీయాలి. ఒక గొట్టం చివరను రెండో గొట్టం ఒంపుకు సందు లేకుండా కూర్చునేలా చేప నోరు ఆకారంలో కోయాలి. 1.6 మిల్లీమీటర్ల మందానికి 60 ఆంపియర్ల చుట్టుపక్కల కరెంటు సరిపోతుంది. రెండు చివరలూ మూసుకుపోయే గొట్టానికి ముందే చిన్న రంధ్రం పెట్టాలి. లేకపోతే లోపల వేడెక్కిన గాలి దారి వెతుక్కుని, చివరి అంగుళంలో కరిగిన లోహాన్ని తన్ని బయటపడుతుంది.

స్టెయిన్‌లెస్ గొట్టానికి పైన మాత్రమే కాపలా ఉంటే చాలదు. లోపల కూడా ఆర్గాన్ నింపాలి. నింపకపోతే బయట అతుకు బంగారు రంగులో నిగనిగలాడుతున్నా, లోపల మాడిన బెల్లంలా నల్లగా, గరుకుగా పెచ్చులు కడుతుంది. అది పాల డెయిరీ గొట్టమైతే ఆ గరుకులో చేరిన క్రిములు ఎంత కడిగినా వదలవు. కంటికి కనబడని వైపు కూడా అంతే శుభ్రంగా ఉంచడమే ఈ పనిలో అసలైన నేర్పు.

చేయి తిరిగిన వెల్డర్‌ను ఒకసారి గమనించండి. వెలుగు ఆరిపోతుంది, అతుకు పూర్తవుతుంది. అయినా అతను టార్చిని వెంటనే తీయడు. కప్పులోంచి ఆర్గాన్ సన్నగా వీస్తూనే ఉంటుంది. ఎర్రటి చుక్క నల్లబడే దాకా, టంగ్‌స్టన్ మొన చల్లబడే దాకా, ఆ కొన్ని క్షణాలు చేయి కదపకుండా అక్కడే ఉంచుతాడు. ఆ చివరి చుక్కకు కూడా గాలి తగలనివ్వడు.