చతురస్రం, వృత్తం – ముందు బొమ్మ గీయండి

తమ్ముళ్ళూ! నిరూపక జ్యామితి లెక్క చూడగానే సూత్రం కోసం వెతుక్కోవడం మనకు అలవాటు. పదో తరగతిలో నేనూ అలాగే మార్కులు పోగొట్టుకున్నాను. ముందు గీయాల్సింది బొమ్మ.

ఒక లెక్క చూద్దాం. ఒక చతురస్రంలో ఎదురెదురు శీర్షాలు (1, 2), (7, 10). దాని పరివృత్తం, అంతర్వృత్తం వ్యాసార్ధాలు ఎంత? మిగతా శీర్షాలు ఏవి?

బొమ్మ గీస్తే ఈ బిందువులను కలిపేది కర్ణమని, భుజం కాదని తెలుస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కర్ణం మధ్యబిందువు (4, 6). రెండు వృత్తాలకూ కేంద్రం అదే.

అడ్డంగా తేడా 6, నిలువుగా 8. 36 + 64 = 100 కాబట్టి కర్ణం 10. పరివృత్తానికి కర్ణమే వ్యాసం, అందుకే వ్యాసార్ధం 5. అంతర్వృత్తానికి భుజమే వ్యాసం. భుజం 10/√2 = 5√2. వ్యాసార్ధం అందులో సగం, సుమారు 3.54.

కేంద్రం నుంచి (7, 10) చేరాలంటే 3 కుడికి, 4 పైకి వెళ్ళాలి. కర్ణాలు సమానం, లంబం. కాబట్టి 4 ఎడమకు, 3 పైకి వెళితే మూడో శీర్షం (0, 9). దానికి ఎదురుగా (8, 3).

సరిచూడండి: (1, 2) నుంచి (0, 9) దూరం √50, అంటే 5√2. భుజంతో సరిపోయింది!

గైడు లేకపోయినా ఫర్వాలేదు. గళ్ళ కాగితం, పెన్సిలు ఉంటే ఈ రాత్రి స్టడీ అవర్‌లోనే మొదలుపెట్టండి.