పంటి నొప్పి, కరవైన నిద్ర



పగలు కొబ్బరితోటలో పనిచేస్తున్నంతసేపూ అంతగా తెలియని పంటి నొప్పి, రాత్రి తలగడమీద తల పెట్టగానే రేగడం మనలో అనేకులకు అనుభవమే. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది. పంటి లోపల వాచిన మెత్తని భాగానికి ఉబ్బే చోటు లేక నొప్పి హెచ్చుతుంది. మనసును మళ్ళించే పనీ ఆ వేళ ఉండదు.

ఒక్క రాత్రి అయితే ఓర్చుకోవచ్చు. మూడు నెలలు దాటినా నొప్పి పోకపోతే, లేక మళ్ళీ మళ్ళీ వస్తుంటే, దానిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. నొప్పి నిద్రను చెరుపుతుంది. నిద్ర చాలని శరీరం కొద్దిపాటి నొప్పికే తాళలేదు. ఇలా ఒకటి రెండవదానిని పెంచుతుంది.

నిద్ర చెడడమే ముందు జరగవచ్చు కూడా. అమెరికాలో 2006లో మొదలైన ‘ఒపేరా’ అధ్యయనంలో, దవడ కీలు నొప్పి లేని 2,700 మందికి పైగా మనుష్యులను కొన్నేళ్ళు గమనించారు. తరువాత ఆ నొప్పి వచ్చినవారిలో, అది రాకముందే నిద్ర నాణ్యత తగ్గుతూ వచ్చినట్లు కనబడింది.

మన దిండి ప్రాంతంలో రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసేవారు దీనిని గమనించాలి. తెల్లవారి లేచేసరికి దవడలు బిగుసుకుపోవడం, కణతల నొప్పి, పళ్ళు అరిగిపోవడం నిద్రలో పళ్ళు కొరికే అలవాటుకు గుర్తులు కావచ్చు. ఆ చప్పుడు పక్కన పడుకున్నవారికే ముందు తెలుస్తుంది. పెద్దగా గురక, మధ్యలో ఊపిరి ఆగడం ఉంటే అదికూడా డాక్టరుగారితో చెప్పాలి.

నొప్పి ఉన్నచోట పొగాకు గాని, ఆస్పిరిన్ బిళ్ళ గాని నొక్కిపెట్టకండి, చిగురు కాలిపోతుంది. రోజూ నొప్పి మాత్రలు మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు. తలను కాస్త ఎత్తుగా పెట్టి పడుకుంటే ఆ రాత్రికి కొంత ఉపశమనం కలుగుతుంది గాని, పుచ్చిన పన్ను బాగుపడదు. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం గాని నోరు తెరవడం గాని కష్టమైనా, తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి వెళ్ళాలి.

చించినాడ వంతెన దాటి వెళితే భీమవరంలో దంతవైద్య కళాశాల ఉంది. వెళ్ళినప్పుడు ఏ పన్నో చూపించి ఊరుకోకండి. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తున్నదో, ఎన్నాళ్ళుగా వస్తున్నదో కూడా చెప్పండి. పంటికి చేసే చికిత్సతోపాటు నిద్ర సంగతికూడా చూడవలసి రావచ్చు.

కోడలు పొద్దెక్కినా లేవలేదనో, ఇంటి యజమాని ఊరికే కసురుకుంటున్నాడనో తప్పుపట్టేముందు ఒక్క మాట అడగండి: “రాత్రి నిద్రపట్టిందా?”