మాజీ సైనికుల పింఛను: పంచాయతీ చేయదగిన పని

ధర్మపురి చుట్టుపట్ల గ్రామములలో సైన్యమున పనిచేసి వచ్చి సేద్యము చేసికొనుచున్నవారిని మీరు ఎరిగియే యుందురు. వారికి వచ్చు పింఛను దయాధర్మము కాదు. చేసిన కొలువునకు ప్రతిఫలము. జవాను 15 ఏండ్ల కొలువు పూర్తి చేసినచో జీవితాంతము దానికి హక్కుదారుడగును.

అంతకు ముందే గాయపడియో జబ్బుపడియో ఇంటికి పంపబడినవానికి ఏమియు రాదని పలువురు తలంతురు. ఇది పొరపాటు. వైకల్యము నూటికి 20 పాళ్లకు తక్కువ గాక, అది కొలువు వలన కలిగినదనియో ముదిరినదనియో తేలినచో, కొలువు భాగము, వైకల్య భాగము అని రెండును కలిపి ఇత్తురు. చేరునాటి పత్రములలో జబ్బు ప్రస్తావన లేనిచో, పిమ్మట వచ్చినది కొలువు వలననే యని భావింపవలెననియు, కాదని రుజువు చేయు భారము ప్రభుత్వముదే యనియు సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. 2023 సెప్టెంబరు పిమ్మట విరమించినవారికి మాత్రము కొత్త నియమములు వర్తించును. ఏమైనను డిశ్చార్జి పుస్తకమును, వైద్యమండలి కాగితములను పోగొట్టుకొనరాదు.

మేము చూచినంతలో పింఛను చిక్కుపడుట తరచుగా చట్టము వలన కాదు, పేరు వలన. సైన్యపు రికార్డులో ఇంటిపేరు ఒక తీరున, ఆధారు కార్డులో మరొక తీరున ఉండును. ఒక్కొక్కచోట భార్య పేరే ఎక్కియుండదు. భర్త పోయిన పిదప ఆమె కుటుంబ పింఛనుకై తిరుగుచుండగా నెలలు గడచిపోవును. మాజీ సైనికుడు జీవించియుండగనే ఈ పేర్లను సరిచేయించుకొనునట్లు మీరు చెప్పవలెను. మరణము సంభవించినచో 21 దినములలో, డిశ్చార్జి పుస్తకముతో పేరు సరిచూచి నమోదు చేయించుడు.

ఏటేటా జీవించియున్నట్లు ధ్రువపత్రము కూడ ఇయ్యవలెను. నాగలి పట్టి అరిగిన వ్రేళ్ల ముద్రలు యంత్రమునకు అందనిచో, 2021 నుండి ముఖము చూపియు ఇయ్యవచ్చును. తెలియని సంగతులను కరీంనగరములోని సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపవచ్చును.