ఇల్లు విప్పారు... కాపురం మాత్రం అందులోనే!

పెంకు తీసి శ్లాబు వేసే ఇళ్ళలో నెలల తరబడి పాట్లు - తొందరపడితే ముప్పే

అమలాపురం: ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు పెద్దలు. ఉన్న ఇంటినే విప్పి, అందులోనే కాపురం ఉంటూ మళ్ళీ కట్టుకోవడం గురించి మాత్రం వారేమీ చెప్పలేదు. సంక్రాంతి వెళ్ళిందంటే కోనసీమ పల్లెల్లో ఈ దృశ్యం తరచు కనిపిస్తుంది. పెంకుటింటికి సగం కప్పు ఉంటుంది, సగం ఉండదు. విప్పిన వాసాలు అరుగు మీద, పెంకులు కొబ్బరిచెట్ల మొదట్లో దొంతరలుగా ఉంటాయి. వంట పెరటి వసారాలోకి, మంచాలు సావిట్లోకి మారతాయి. దేవుడి పటాలు పాత చీర కప్పుకుని ఓ మూల చేరతాయి. వీధి గుమ్మం ముందు ఇసుక గుట్ట. దాని మీద పిల్లలు.

పెంకుటిళ్ళను శ్లాబు ఇళ్ళుగా మార్చుకోవడం ఇక్కడ కొత్త కాదు. 1996 నవంబరు 6న విరుచుకుపడిన తుఫాను కోనసీమలో కొబ్బరితోటలతో పాటు ఇళ్ళ కప్పులను కూడా ఎగరగొట్టింది. గాలికి పెంకు ఆగదన్న భయం ఆ రాత్రిని చూసినవారికి తీరేది కాదు. దీనికి తోడు వాసాలకు చెద పడుతుంది. ఏటా వానలకు ముందు పెంకు సర్దించాలి. ఆ పని తెలిసినవారు దొరకడమూ కష్టమే. దాంతో కూడబెట్టిన నాలుగు డబ్బులూ శ్లాబుకే పెడుతున్నారు.

ఖాళీ చేయరెందుకు?

పని పూర్తయ్యేవరకు వేరే ఇంట్లో ఉండవచ్చు గదా అనిపిస్తుంది. కాని పల్లెలో అద్దె ఇళ్ళు దొరకడం అరుదు. దొరికినా ఇటు సిమెంటుకు, అటు అద్దెకు డబ్బు చాలదు. పెరట్లో పాడిగేదె ఉంటుంది. సిమెంటు, ఊచలు కాపలా లేకుండా వదిలి వెళ్ళలేరు. అన్నిటికీ మించి, పుట్టి బుద్ధెరిగిన ఇంట్లో దీపం ఆరకూడదని ముసలివారు పట్టుబడతారు. అందుకే ఎక్కువమంది సగం ఇల్లు విప్పి, మిగతా సగంలో సర్దుకుంటారు.

ఆ సర్దుకోవడంలో పెద్ద భారం ఇల్లాలిదే. తెల్లవారగట్ల పనివాళ్ళు రాకముందే వంట ముగించాలి. గిన్నెల మీద, బట్టల మీద, చివరకు పిల్లల పుస్తకాల మీద కూడా దుమ్మే. గ్యాస్ పొయ్యి వసారాలోకి మారినప్పుడు టార్పాలిన్ కింద, గోనెపట్టాల పక్కన పెట్టి వండడం నిప్పుతో చెలగాటమే. సిలిండరు నిటారుగా, గాలి ఆడే చోట ఉండాలి.

దుమ్ములో దాగిన ప్రమాదం

పాత సున్నం, మట్టి కలిసిన దుమ్ము ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు పడదు. గోడ పడగొట్టే ముందు నీళ్ళు చల్లడం, మధ్య గుమ్మానికి తడి గోనెపట్టా కట్టడం ఖర్చులేని పనులు. వంటింటి పంచకు సిమెంటు రేకులు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొడితే కంటికి కనబడని నార లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కొన్నేళ్ళ తర్వాత కాన్సరుకు సైతం దారితీస్తుంది. రేకులను తడిపి, పగలకుండా దింపాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

విప్పుతున్న భాగానికి కరెంటు మెయిన్ బోర్డు దగ్గరే తీయించాలి. తడి నేల మీద అతుకుల వైరు లాగి బల్బు వేలాడదీస్తే ప్రాణాల మీదికి వస్తుంది. పేర్చిన పెంకుల సందుల్లో పాములు, తేళ్ళు చేరతాయి కనుక చీకట్లో అక్కడ చెయ్యి పెట్టరాదు. నీళ్ళ డ్రమ్ములకు గుడ్డ కట్టి, వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి. లేకుంటే డెంగీ దోమలు అక్కడే పెరుగుతాయి.

గోడ మోస్తుందా?

అసలు చూసుకోవలసింది గోడ బలం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదికి పెంకు, కర్ర అన్నీ కలిపినా కప్పు బరువు టన్ను దాటదు. అదే గదికి అయిదంగుళాల శ్లాబు వేస్తే దాదాపు మూడు టన్నులు. పాత గోడ చూడడానికి లావుగా ఉన్నా, చాలా ఇళ్ళలో పైన సున్నం పూత, లోపల ఇటుకల మధ్య మట్టి. పెంకును మోసిన గోడ శ్లాబును మోస్తుందన్న నమ్మకం లేదు. రెండు మూడు చోట్ల పూత గీసి, లోపల ఏముందో ఇంజనీరుకు చూపించాలి. మట్టి గోడ అయితే పునాది నుంచి కాంక్రీటు స్తంభాలు లేపి, బీముల మీద శ్లాబు నిలపాలి. అప్పుడు గోడ అడ్డుగా మాత్రమే ఉంటుంది.

సగం ఇల్లు విప్పినప్పుడు నడిమి గోడ సంగతి మరువరాదు. ఇరువైపులా దూలాలు ఆనిన గోడకు ఒకవైపు ఆధారం పోతే అది వాలవచ్చు. ముందే బాదులు ఆనించి విప్పాలి. గోడకు కొత్త పగులు వచ్చినా, పూత రాలినా, నిన్నటిదాకా పడిన తలుపు ఇవాళ బిగుసుకున్నా అది హెచ్చరిక. వెంటనే మంచాలు బయట వేసుకోవాలి.

నీళ్ళకు పోటీ

శ్లాబు పోసింది మొదలు ఇంటికీ, కప్పుకూ నీళ్ళ దగ్గర పోటీ వస్తుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఎండల్లో పోస్తే ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గరాదు. మడులు కట్టి నీళ్ళు నిలపడం అందుకే. కాని వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీటితో కాంక్రీటు కలిపినా, తడిపినా లోపలి ఊచలు తుప్పుపట్టి, కొన్నేళ్ళకు శ్లాబు పెచ్చులూడుతుంది. మంచినీళ్ళే పట్టాలి. ఇంట్లో నాలుగు బిందెలకు వెతుక్కునే రోజుల్లో ఇది చిన్న మాట కాదు. కాలువలు కట్టక ముందే శ్లాబు పోసేలా పని మొదలుపెట్టడం మేలు.

కర్రల కింద కాపురం

ఇక్కడే అసలు తొందర పుడుతుంది. శ్లాబు పోశారు, గది వచ్చింది. కాని గది నిండా సరుగుడు బాదులే. ఇరుకు సావిట్లో విసిగిన ఇంటివారు కర్రలు ఎప్పుడు తీస్తారని రోజూ అడుగుతారు. సెంట్రింగు సామాను మరో చోటికి కావాలని మేస్త్రీ కూడా చూస్తుంటాడు. ఇద్దరి తొందరా ఒకటైతే ప్రమాదం పొంచి ఉన్నట్లే.

భారత ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటు వాడినప్పుడు నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబు కింద కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల కింద 6 మీటర్ల వరకు 14 రోజులు, దాటితే 21 రోజులు. బూడిద కలిసిన సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది కనుక ఇంకొన్నాళ్ళు ఆగాలి. ఈలోగా ఆ బాదుల మధ్య మంచం వేసుకుని పడుకోవడం, పిల్లలను ఆడుకోనివ్వడం కూడదు. ఒక్క కర్ర జారినా బరువు పక్క కర్ర మీద పడుతుంది.

కనుక మొదటి పార తగలకముందే ఈ రోజులను లెక్క వేసుకోవాలి. ఆ నెలన్నర వంట, పడక, స్నానం, ముసలివారి మంచం ఎక్కడో ముందే తేల్చుకోవాలి. మరుగుదొడ్డి ఉన్న వైపును చివర విప్పాలి. రెండో సగం పని మొదటి సగం కర్రలు తీశాకే మొదలుపెట్టాలి. ఏం చేసినా రోహిణీ ఎండలు ముగిసి వానలు దిగేలోగా తలమీద కప్పు ఉండాలి. ఇరుకు ఎన్నాళ్ళో ముందే తెలిస్తే ఓపిక పట్టడం తేలిక. తెలియకపోతేనే మనిషి విసుగెత్తి కర్ర మీద చెయ్యి వేస్తాడు.

కొత్త వంటింట్లో పాలు పొంగించే ముహూర్తం పంచాంగం చెబుతుంది. కర్రలు తీసే ముహూర్తం మాత్రం సిమెంటే చెప్పాలి.