మట్టికట్ట నేర్పిన పాఠం

"అక్షరాలు దిద్దకుండా ఆ మట్టిలో ఆటలేమిట్రా?" అని ఒక సాయంత్రం నా నాలుగేళ్ల కుమారుణ్ణి కసిరాను. బోరింగు నీళ్లు పారే బోదెకు వాడు అడ్డంగా మట్టికట్ట వేస్తున్నాడు. ఏడుస్తూ పలక పట్టుకున్నాడు గాని, ఆ రోజు ఒక్క అక్షరమూ రాలేదు.

మరునాడు నేనూ వాడి పక్కన కూర్చున్నాను. కట్ట వెనుక నీరు పెరిగి పక్కగాడిలోకి మళ్లింది. వాడు చప్పట్లు కొట్టాడు. 1847–1852 మధ్య ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టించింది ఇందుకే, గోదావరి మట్టం పెంచి కాలువలకు మళ్లించడానికేనని చెప్పాను. "మన చేలోకి వచ్చే నీళ్లు అవేనా అమ్మా?" అన్నాడు.

ప్రియ తల్లిదండ్రులారా, పసివారికి ఇల్లే మొదటి బడి. ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. వామనగుంటల్లో చింతపిక్కలు పంచితే లెక్క వస్తుంది. తాటికాయల బండి చక్రం సంగతి చెబుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుండి 8 ఏళ్ల పిల్లలకు ఆటల ద్వారా నేర్పమంటోంది. కాలువ దగ్గర మాత్రం పెద్దలు తోడుండాలి. బిడ్డ ప్రశ్న వేస్తే విసుక్కోకండి. జవాబు తెలియకపోతే "ఇద్దరం చూద్దాం రా" అనండి.

యెరూషలేమును తిరిగి దీవించేటప్పుడు, వీధుల్లో ఆడుకొనే బాలబాలికలను కూడా దేవుడు ఆ దీవెనలో చేర్చాడు (జెకర్యా 8:5). ఈ సాయంత్రం పని ముగిశాక ఒక్క పావుగంట మీ బిడ్డ పక్కన నేలమీద కూర్చోండి.